గండుచీమ తిండి లెక్క

బెంగళూరులో కె.ఆర్.పురం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఇంకా ఇల్లు కట్టని సైటు ఎక్కడ మిగిలినా అందులో రెండు కనిపిస్తాయి. ఒకటి, ఈ స్థలం అమ్మకానికి లేదని రాసిన బోర్డు. రెండోది ఆముదం మొక్క. దాన్ని ఎవరూ నాటరు, నీళ్లూ పోయరు. అయినా మనిషెత్తు పెరుగుతుంది. దాని పక్కన ఒక నిమిషం నిలబడి చూస్తే కాండం మీద పైకీ కిందికీ తిరుగుతున్న నల్ల గండుచీమలు కంటపడతాయి. పూత ఉన్నప్పుడే కాదు, లేనప్పుడూ తిరుగుతాయి. పువ్వు లేని మొక్క మీద తేనె కోసం వెతికే చీమను చూస్తే అమాయకంగా అనిపించవచ్చు. అమాయకత్వమేమీ లేదు, అక్కడ తేనె ఉంది.

చీమ అనగానే పిల్లలకు చెప్పే పాఠం ఒకటే: కష్టపడి పనిచేయడం, ముందుచూపుతో దాచుకోవడం. ఈ పాఠం చీమకు అంతగా నప్పదు. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో ఒక రకం చిన్న చీమల గూళ్లను కెమెరాలు పెట్టి గమనిస్తే, దాదాపు 40 శాతం చీమలు చాలాసేపు ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడి ఉన్నాయని తేలింది. చీమను అర్థం చేసుకోవడానికి దాని కష్టం కన్నా దాని తిండి లెక్క ఎక్కువ పనికొస్తుంది. ఆ లెక్కలో చక్కెరకు కొదవ ఉండదు, ప్రోటీన్‌కు కావాల్సిన నత్రజనికే ఎప్పుడూ కరువు. మొక్కలతో, మొక్కల రసం పీల్చే పేనుబంకతో, బాక్టీరియాతో చీమ కలుపుకున్న చుట్టరికాల్లో చాలావరకు ఈ కరువు చుట్టూ తిరిగేవే.

ఆముదం ఆకు కాడ ఆకుకు అతుక్కునే చోట గుండ్రటి చిన్న బుడిపెలు జంటగా కనిపిస్తాయి. కాడ పొడవునా ఇంకొన్ని ఉంటాయి. ఇవి పువ్వుతో పనిలేని తేనె గ్రంథులు. పువ్వులోని తేనె సీతాకోకచిలుకకు, తేనెటీగకు. ఈ తేనె మాత్రం పుప్పొడి మోయడానికి ఇచ్చే కూలి కాదు, కాపలాకు ఇచ్చే జీతం. తీపి కోసం ఆకుల మీద తిరిగే చీమ దారిలో తగిలిన గుడ్డునో చిన్న పురుగునో నోట కరుచుకుపోతుంది, పెద్ద పురుగును కరిచి కిందపడేస్తుంది. ఆముదాన్ని ఆకుల్లేకుండా చేసే నామాల పురుగు లేత దశలో ఉన్నప్పుడు ఈ గస్తీని తప్పించుకోవడం తేలిక కాదు.

ఇలాంటి గ్రంథులున్న మొక్కలు ప్రపంచంలో సుమారు 4,000 జాతుల దాకా నమోదయ్యాయి. పత్తి, అలసంద, బీర, బాదం చెట్టు మన చుట్టూ కనిపించేవే. ఈ జీతం అన్ని రోజులూ ఒకేలా ఉండదు. పత్తి ఆకును పురుగు కొరికితే ఆ ఆకులోనే తేనె ఊరడం పెరుగుతుందని 2001లో వచ్చిన పరిశోధన చూపింది. దొంగ పడిన చోట కాపలావాళ్లు ఎక్కువ కావాలి కదా. మొక్కకు కళ్లు లేకపోయినా గాయం తగిలినప్పుడు దాని కణాల్లో తయారయ్యే జాస్మోనిక్ ఆమ్లం ఈ కబురు మోస్తుంది.

ఆముదం చీమలతో ఇంకో బేరం కూడా పెట్టుకుంది. ఆముదం గింజ ఒక కొనన తెల్లటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటుంది. నూనె గానుగకు గింజలు పోసిన ఇళ్లలో అందరూ దాన్ని చూసే ఉంటారు, ఎందుకుందో ఎవరూ అడిగి ఉండరు. కొవ్వు నిండిన ఆ ముద్ద చీమల కోసమే. కాయ ఎండలో పగిలి గింజ దూరంగా పడ్డాక చీమలు దాన్ని ఈడ్చుకుపోతాయి, ముద్దను కొరికి పిల్లలకు పెడతాయి, గట్టి పెంకున్న గింజను మాత్రం గూటి బయట తమ చెత్తకుప్పలో పారేస్తాయి. లోపల విషమున్న గింజ జోలికి వెళ్లవు. చెత్తకుప్ప అంటే ఎరువు కూడా. ఇలా చీమల చేత విత్తనాలు మోయించుకునే పూలమొక్కలు 11,000 జాతులకు పైగా ఉన్నాయి.

నడుము సన్నం, పొట్ట రెండు

చీమ మొక్క ఇచ్చే తేనె తాగుతుందన్న సంగతి దాని శరీరం వైపు చూస్తే ఇంకాస్త అర్థమవుతుంది. పెద్ద చీమ గట్టి తిండి మింగలేదు. నడుము దగ్గర దారం లాంటి సన్నని గొట్టంలోంచి ఆహారం పోవాలి కాబట్టి ద్రవాలే దిగుతాయి. తాగిన ద్రవం ముందుగా చేరేది ఒక సంచిలోకి. దాన్ని ఊరుమ్మడి పొట్ట అనుకోవచ్చు. ఎదురైన చీమ మీసాలతో తట్టి అడిగితే ఆ సంచిలోని చుక్కను నోట్లోంచి నోట్లోకి అందిస్తుంది. తన కోసం కావాల్సినంత మాత్రమే ఒక చిన్న కవాటం గుండా అసలు పొట్టలోకి వదులుకుంటుంది. బయట మేతకు వెళ్లేవి గూట్లో కొన్నే, అయినా అవి తెచ్చిన తీపి కొద్ది గంటల్లో గూడంతా పాకుతుంది.

మరి ఈడ్చుకొచ్చిన పురుగు, ఈగ రెక్క, ఇడ్లీ ముక్క ఎవరికి? పిల్లలకు. కాళ్లూ చేతులూ లేని తెల్లటి ఆ పురుగు దశ పిల్లలే గూట్లో గట్టి తిండి అరిగించుకోగలిగేవి. కొన్ని జాతుల్లో పిల్లలు అరిగించిన రసాన్ని పెద్దలు తిరిగి తాగుతాయి.

వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకెళ్తున్నాయని అంటుంటాం. బియ్యపు గింజంత కనిపించే ఆ తెల్లటివి గుడ్లు కావు. చీమ గుడ్డు కంటికి ఆనేదే కష్టం. మోసుకెళ్లేవి చాలావరకు ప్యూపాలు, అంటే పురుగు దశ పిల్ల పెద్ద చీమగా మారుతూ కదలకుండా ఉండే దశలోనివి. కదలదు, తినదు కాబట్టి పనికిరాని దశ అనుకున్నారు చాలాకాలం. 2022లో వచ్చిన ఒక పరిశోధన ఈ అభిప్రాయాన్ని తిరగేసింది. ప్యూపా ఒంటి నుంచి పోషకాలున్న ఒక ద్రవం ఊరుతుంది, పెద్ద చీమలు దాన్ని తాగుతాయి, చిన్న పిల్లల్ని తెచ్చి దాని మీద పెడతాయి. తాగేవాళ్లు లేకపోతే ఆ ద్రవం పేరుకుని బూజు పట్టి ప్యూపా చచ్చిపోతుంది. ఒకరి తిండి ఇంకొకరికి ప్రాణరక్షణ అయిన ఈ ఏర్పాటు, చీమల ఇంట్లో బూజుకు ఎంత భయపడాలో కూడా చెబుతుంది.

లెక్క తప్పిన చోటు

ఉష్ణమండలపు అడవుల్లో చెట్ల కొమ్మల మీదుండే పురుగుల్ని మందు పొగతో రాల్చి లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. అలా రాల్చినప్పుడల్లా కింద పరిచిన గుడ్డ మీద పడేవాటిలో చీమలదే పెద్ద వాటా. ఇది శాస్త్రవేత్తలకు చిక్కుముడిలా కనిపించింది. చీమలు వేటగాళ్లు అనుకుంటే, వేటాడేవి వేటకు దొరికేవాటి కన్నా ఎక్కువ ఉండడం కుదరదు. పులులు జింకల కన్నా ఎక్కువున్న అడవి ఎక్కడుంటుంది? 2003లో పెరూ, బ్రూనై అడవుల చీమలను పరీక్షించి చెప్పిన సమాధానం సూటిగా ఉంది: చెట్ల మీద ఉండే చాలా చీమలు వేట మీద బతకడం లేదు. వాటి ఒంట్లోని నత్రజని ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న నత్రజని పరమాణువులు, ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే, అవి ఆకులు తినే పురుగుల వరసలోకే వస్తున్నాయి. అంటే దాదాపు శాకాహారులు. మొక్కల తేనె, మొక్కల రసం పీల్చే పురుగులు వదిలే తీపి నీళ్లు, ఇవే వాటి ముఖ్యాహారం.

ఇక్కడ ఇంకో ప్రశ్న పుడుతుంది. తీపి నీళ్లలో శక్తి ఉంటుంది, ఒళ్లు కట్టుకోవడానికి కావాల్సిన ప్రోటీన్ ఉండదు. రోజూ పానకం తాగి పిల్లల్ని పెంచమంటే ఎలా? గండుచీమలకు, అంటే కాంపొనోటస్ అనే పెద్ద ప్రజాతికి, ఈ ప్రశ్నకు జవాబు కడుపులోనే ఉంది.

1880లలో ఫ్రీడ్రిష్ బ్లోక్‌మాన్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు ఈ చీమల పేగు గోడల్లోనూ అండాల్లోనూ కడ్డీల్లాంటి బాక్టీరియాను మైక్రోస్కోపు కింద చూశాడు. చీమ కణాల లోపల, వాటికంటూ కట్టిచ్చిన గదుల్లో ఉన్నట్టు ఉన్నాయి. వాటికి ఇప్పుడు ఆయన పేరు మీదే బ్లోక్‌మానియా అని పేరు. 2003లో వాటి జన్యుపటం మొత్తం చదివారు. సుమారు 7 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు, 600కు కాస్త తక్కువ ప్రోటీన్ జన్యువులు. మన పేగుల్లో ఉండే ఇ.కొలై బాక్టీరియాకు 4,000 దాటి ఉంటాయి. బయట బతకడానికి కావాల్సినవన్నీ ఎప్పుడో పారేసుకుంది ఈ జీవి. ఉంచుకున్నవాటిలో మాత్రం, చీమ తనంతట తాను చేసుకోలేని అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి) తయారుచేసే జన్యువులు పదిలంగా ఉన్నాయి. యూరియాను విడగొట్టే ఎంజైము కూడా ఉంది. దాంతో వృథాగా పోయే నత్రజనిని తిరిగి పట్టి మళ్లీ అమైనో ఆమ్లంగా మార్చి ఇస్తుంది. చీమకు మందు పెట్టి ఈ బాక్టీరియాను చంపేస్తే గూట్లో పిల్లలు సరిగ్గా పెరగవు.

ఈ బాక్టీరియా తల్లి నుంచి అండంలోకి, అండం నుంచి కూతురికి పోతుంది. ఒక రకంగా ఆస్తి కన్నా పక్కా వారసత్వం. 2020లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు లోపలికి వెళ్లి చూశారు. పిండం ఎలా రూపు దిద్దుకోవాలో నిర్ణయించే జన్యువులే ఈ చీమల్లో బాక్టీరియాకు చోటు ఏర్పాటు చేసే పని కూడా చేస్తున్నాయి. తల ఎక్కడ, పొట్ట ఎక్కడ అని చెప్పే పటంలోనే అద్దెకుండేవాళ్ల గదికీ గీత గీసి ఉందన్నమాట. ఈ పొత్తు వయసు 5 కోట్ల ఏళ్లని ఆ పరిశోధన అంచనా. ఇంత కాలం కలిసున్నవాళ్లను అద్దెకున్నవాళ్లు అనడం కూడా సరికాదేమో.

గండుచీమది ఒక్కటే దారి కాదు. దక్షిణ అమెరికా తాబేలు చీమలు పేగులో రకరకాల బాక్టీరియాను పెంచుకుని యూరియాలోని నత్రజనిని తిరిగి వాడుకుంటాయి. మన దగ్గర చెట్ల బెరడు మీద పరుగెత్తే, నలుపూ ఎరుపూ కలిసిన సన్నటి చీమ కుటుంబంలోనూ కొన్ని జాతుల పేగుకు బాక్టీరియా నింపిన ప్రత్యేక సంచి ఉంది. ఆ చీమ కుడితే మాత్రం రెండ్రోజులు మర్చిపోలేరు.

వేటనే నమ్ముకున్న పాతకాలపు చీమలకు ఈ ఏర్పాట్ల అవసరం తక్కువ. బెంగళూరు పొదల్లో, క్యాంపస్‌ల చెట్ల కింద కనిపించే గెంతు చీమ అలాంటిదే. పెద్ద కళ్లు, పటకారు లాంటి దవడలు, ఒక్క ఎగురుకు కొన్ని అంగుళాలు. దీన్ని 1851లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన థామస్ జెర్డాన్ అంతకు ముందు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేశాడు, అక్కడి యానాదుల దగ్గర ప్రకృతి సంగతులు ఎన్నో నేర్చుకున్నాడు. ఈ చీమల్లో రాణి చనిపోతే పనిచీమలే పోటీపడి గుడ్లు పెట్టే స్థానంలోకి వస్తాయి, అప్పుడు వాటి మెదడు అయిదో వంతు దాకా కుంచించుకుపోతుంది. మళ్లీ మామూలు పనిచీమగా మారితే మెదడూ తిరిగి పెరుగుతుందని 2021లో తేలింది.

పేనుబంక అనే పేరులోనే ఉంది

మొక్క నేరుగా ఇచ్చే తేనె కన్నా చీమలకు ఎక్కువ తీపి అందించేవి రసం పీల్చే పురుగులు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు. మొక్క నాళాల్లో పారే రసంలో చక్కెర మరీ ఎక్కువ, అమైనో ఆమ్లాలు మరీ తక్కువ. కావాల్సినంత నత్రజని దొరకాలంటే పేనుబంక అవసరానికి మించి తాగాలి, మిగిలిన చక్కెరను వెనక నుంచి వదిలేయాలి. ఆకు జిగటగా అయ్యేది అందుకే. రైతులు ఆ పురుగుకు పెట్టిన పేరులోనే బంక ఉంది. ఆ బంక మీద నల్లటి బూజు పెరిగితే దాన్ని మసి తెగులు అంటారు.

పేనుబంకకూ కడుపులో తోడు ఉంది. బుక్నేరా అనే బాక్టీరియా దానికి కొరతపడిన అమైనో ఆమ్లాలు చేసి పెడుతుంది. అంటే ఒక బీరపాదు మీద పేనుబంకనూ దాన్ని కాసే గండుచీమనూ చూసినప్పుడు కంటికి కనిపించేవి మూడే, లావాదేవీలో ఉన్నవి అయిదు. మొక్క, పేనుబంక, దాని లోపలి బాక్టీరియా, చీమ, చీమ లోపలి బాక్టీరియా. ఈ గొలుసులో నష్టపోయేది ఒక్క మొక్కే. గ్రంథి నుంచి తేనె ఇచ్చి పెట్టుకున్న కాపలాదారు ఇప్పుడు దొంగలకు కాపలా కాస్తోంది.

కోలార్, చిక్కబళ్లాపుర, చింతామణి వైపు తెలుగు మాట్లాడే పట్టు రైతులకు ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. పిండినల్లి పట్టిన మల్బరీ చివుర్లు ముడుచుకుని ముద్దవుతాయి, ఆ ముద్దల చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి అనే కొత్త పురుగు బయటపడి బొప్పాయి, మల్బరీ, మందారం అన్నిటినీ కమ్మేసింది. పురుగుమందులు కొట్టినా మైనపు పొర కింద బతికిపోయింది. చివరికి బెంగళూరు హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ 2010లో ప్యూర్టోరికో నుంచి ఒక చిన్న కందిరీగను తెప్పించి వదిలింది. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచి తినేసే రకం అది. ఆ తర్వాత ఆ పురుగు బెడద బాగా తగ్గింది. మన దేశంలో జీవనియంత్రణ సాధించిన పెద్ద విజయాల్లో ఇదొకటి. ఇలాంటి కందిరీగలకు పొలంలో ఎదురయ్యే చిక్కు చీమలే. పాడి పశువుల్లా తాము కాసుకునే పిండినల్లి మీద వాలే కందిరీగను అవి ఊరుకోవు, తరిమేస్తాయి.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో మందారం కుండీకీ ఇదే కథ. కొమ్మ మీద చీమలు కనబడగానే చీమల మందు చల్లేవాళ్లు ఎక్కువ. చీమలు అక్కడ రోగం కాదు, లక్షణం. ఆకు అడుగు తిప్పి చూస్తే తెల్లటి పిండి కనిపిస్తుంది. దాన్ని నీళ్ల జోరుతో కడిగి వేపనూనె కలిపిన సబ్బునీళ్లు కొట్టి, కొమ్మ మొదట్లో చీమలు ఎక్కకుండా జిగురు పట్టీ చుడితే అక్షింతల పురుగులు మిగతా పని చూసుకుంటాయి. వంటింటి చీమలదీ తిండి లెక్కే. గట్టు మీద చీమల మందు చాక్‌పీస్‌తో గీత గీస్తే అటు వచ్చిన నాలుగు చీమలు చస్తాయి, గోడ పగుల్లో ఉన్న రాణులకు ఏమీ కాదు. పంచదార పాకంలో కొంచెం బోరాక్స్ కలిపి పెడితే పనిచీమలే దాన్ని పొట్టలో మోసుకెళ్లి నోటినోటికీ పంచుతాయి. నోరెరగని పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ పాకం చేతికందని చోట పెట్టాలి.

తీపి దొరికితే చీమ ఎంత దూరం పోతుందో హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపం చూసింది. పసుపు రంగు పిచ్చి చీమలు అక్కడ పొలుసు పురుగుల తీపి మీద బలిసి, కోట్ల సంఖ్యలో కలిసిపోయి, ఆ దీవికి పేరు తెచ్చిన ఎర్ర పీతలను చంపేశాయి. పీతల కళ్లలోకి ఫార్మిక్ ఆమ్లం చిమ్మడమే ఆ చీమల పద్ధతి. 2016 చివర్లో అక్కడ వదిలిన చిన్న కందిరీగ చీమల మీదికి పోయేది కాదు, పొలుసు పురుగుల మీదికి పోయేది. చీమ ఎక్కడ తింటుందో కనుక్కుని ఆ తిండి మీద కొట్టారు. అదే చీమ 2022లో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై అడవి పక్క పల్లెల్లో పశువులను, పంటలను హడలెత్తించి వార్తల్లోకెక్కింది.

ఆమ్లం, కత్తెర, పెరుగు

వేల ప్రాణులు చీకటి గదుల్లో ఒకదాన్నొకటి నాకుతూ బతికే ఇంట్లో అంటురోగం రాకుండా ఎలా ఉంటుంది? చాలా చీమలకు ఛాతీ వెనక భాగంలో సూక్ష్మజీవుల్ని చంపే ద్రవం ఊరే గ్రంథి ఒకటి ఉంటుంది. చీమలకు తప్ప ఇంకే కీటకానికీ అది లేదు. విచిత్రమేమిటంటే గండుచీమల్లో చాలా జాతులు ఆ గ్రంథిని పోగొట్టుకున్నాయి. దాంతో వేరే దారులు వెతుక్కున్నాయి. వాటిలో ఒకటి, శత్రువు మీద చిమ్మే ఫార్మిక్ ఆమ్లాన్నే తిన్నాక తాము కొంచెం మింగడం. 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలా మింగిన చీమల ముందు పొట్ట పుల్లబడి చెడ్డ బాక్టీరియా చచ్చిపోయింది, పులుపు తట్టుకునేవే మిగిలాయి.

రెండో దారి ఇంకా మొండిది. అమెరికాలోని ఫ్లోరిడా గండుచీమ గాయపడిన తోటి చీమ కాలు కొరికి తీసేస్తుందని 2024లో తేలింది. తొడ దగ్గర గాయమైతే 40 నిమిషాలకు పైగా ఓపిగ్గా కొరికి కాలు మొదలంటా తొలగిస్తాయి. మోకాలి కింద గాయమైతే మాత్రం కాలు తీయవు, నాకి శుభ్రం చేస్తాయి. కింది భాగంలో ఒంటి ద్రవం వేగంగా ప్రవహిస్తుంది, కాలు తీసే లోపే బాక్టీరియా పైకి పాకిపోతుంది కాబట్టి తీసినా లాభం లేదు. తొడ గాయంలో కాలు తీస్తే 90 శాతానికి పైగా బతికాయి, తీయకపోతే 40 శాతం కూడా బతకలేదు.

పులుపు సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. బల్గేరియా, టర్కీ పల్లెల్లో పాలకు తోడు దొరకనప్పుడు అడవి ఎర్రచీమలు నాలుగు వేసి, గిన్నె మూతి గుడ్డతో కట్టి, చీమల దిబ్బలో రాత్రంతా పెట్టే పాత పద్ధతి ఉండేది. 2025లో శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ చేసి చూశారు. చీమ ఒంటి మీది లాక్టిక్ బాక్టీరియా, దాని ఆమ్లం కలిసి పాలను తోడుపెడుతున్నాయి. ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ల చెట్టుచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని పులుపూ ఆ ఆమ్లానిదే. ఇంట్లో గండుచీమలతో పెరుగు ప్రయోగాలు మాత్రం వద్దు. చీమల్లో పరాన్నజీవులుంటాయి.

అద్దెకిచ్చిన కొమ్మలు

బెంగళూరు నుంచి పడమటికి వెళ్లి కనుమల వానఅడవుల్లో దిగితే హంబోల్టియా బ్రూనోనిస్ అనే చిన్న చెట్టు కనిపిస్తుంది. ప్రపంచంలో అది ఆ కనుమల్లోనే ఉంది. దాని కొమ్మల్లో కొన్ని కణుపుల మధ్య భాగం ఉబ్బి, లోపల బోలుగా, ఒక చిల్లుతో ఉంటుంది. చీమలకు సిద్ధంగా కట్టిన ఇల్లు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రెనీ బోర్జెస్ బృందం ఏళ్ల తరబడి దీన్ని చదివింది. ఆ గదుల్లో నిజంగా చెట్టును కాపాడే చీమ జాతి దాదాపు ఒక్కటే. మిగతా గదుల్లో ఏ కాపలా కాయని చీమలు, చిన్న తేనెటీగలు, చివరికి చెట్టెక్కిన ఒక రకం వానపాము కూడా ఉంటాయి. ఇంత దండగమారి బేరం చెట్టు ఎందుకు పెట్టుకున్నట్టు? 2014లో ఆ బృందం చూపినదేమిటంటే, లోపలున్నవాళ్లు వదిలే చెత్తలోని నత్రజనిని చెట్టు పీల్చుకుంటోంది. కాపలా కాయనివాళ్లూ ఆ రూపంలో అద్దె కడుతున్నారు. మళ్లీ నత్రజనే.

మధ్య అమెరికా తుమ్మచెట్లు ఇంత ఉదారంగా ఉండవు. అవి ఇచ్చే తేనెలో మామూలు చక్కెర ఉండదు, ముందే విడగొట్టిన చక్కెర ఉంటుంది. అంతేకాదు, మామూలు చక్కెర అరిగించుకునే చీమ ఎంజైమును పనిచేయకుండా చేసే ఒక ప్రోటీన్ కూడా ఉంటుందని 2014లో బయటపడింది. పుట్టగానే ఆ తేనె తాగిన చీమ ఇక వేరే చెట్టు తేనె అరిగించుకోలేదు. దీన్ని స్నేహం అనాలా, వెట్టి అనాలా?

చెట్టుకు చీమ శత్రువయ్యే చోట్లూ ఉన్నాయి. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని తెలుగువాళ్లకు చిన్నప్పుడే తెలుసు. ఆ పురుగులు చాలావరకు పుప్పొడి మోసే చిన్న కందిరీగలు, అవి లేకపోతే మేడి చెట్టుకు విత్తనం లేదు. బోర్జెస్ బృందమే 2009లో చూపినట్టు, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చెట్టుచీమలు మేడికాయల వాసనను, కందిరీగల వాసనను పసిగట్టి వేటకు వస్తాయి. అదే చెట్టు మీద రసం పీల్చే పురుగులను మేపుకునే వేరే చీమ ఆ వాసనలను పట్టించుకోదు. దాని జీతం వేరే చోట వస్తోంది మరి.

పుట్ట ఎవరిది

చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అని సామెత. పాముల సంగతి నిజమే, పుట్ట మాత్రం చీమలది కాదు, చెదలది. చెదలను తెల్ల చీమలు అంటారు గానీ అవి బొద్దింకల చుట్టాలు. తొలకరికి దీపాల చుట్టూ రెక్కలు రాల్చే ఉసుళ్లూ చెదలే. ఈ పొరపాటు వల్ల ఒక గొప్ప పోలిక మరుగున పడిపోతుంది. అమెరికా ఖండాల్లో ఆకులు కత్తిరించి, వాటి మీద బూజును సాగుచేసి, ఆ బూజునే తినే చీమలున్నాయి. ఆ సాగు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఉల్క పడి డైనోసార్లు పోయిన రోజుల్లో మొదలైందని 2024లో లెక్కగట్టారు. కలుపు బూజు పెరగకుండా అవి ఒంటి మీద యాంటీబయాటిక్ చేసే బాక్టీరియాను పెంచుకుంటాయి. అలాంటి చీమలు మన దేశంలో లేవు. మన దగ్గర ఆ సాగు చేసేది చెదలు. చెదలు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట విడిగా మొదలుపెట్టాయి.

బెంగళూరులో విజ్ఞాన సంస్థ ఆవరణలోనూ, ఊరి చుట్టూ చెట్ల మొదళ్లలోనూ లేచిన ఎర్రమట్టి పుట్టల లోపల ఈ తోట ఉంటుంది. చెదలు ఎండుటాకులు, కట్టె తిని, సగం అరిగినదాన్ని గుంటలు గుంటలుగా ముద్ద కట్టి పేరుస్తాయి. దాని మీద టెర్మిటోమైసెస్ అనే బూజు పెరిగి, చెదలకు అరగని కట్టెను అరిగిస్తుంది. చెదలు తర్వాత ఆ ముద్దను, బూజును కలిపి తింటాయి. కట్టెలో నత్రజని అతి తక్కువ, బూజులో ఎక్కువ. ఈ తోటలోనూ కలుపు వస్తుంది. కలుపు బూజుకూ పంట బూజుకూ వాసన తేడా కనిపెట్టి, కలుపు మీద మట్టి ఉండలు కప్పి చెదలు పూడ్చేస్తాయని ఇక్కడి పరిశోధకులు 2017లో చూపించారు.

వానలకు ఆ తోట పుట్ట మీదికి పొడుచుకొచ్చి గొడుగులు విప్పుతుంది. అందుకే తెలుగులో దాని పేరు పుట్టగొడుగు. మాటను చేసినవాళ్లకు శాస్త్రం తెలియకపోవచ్చు, గొడుగు పుట్టకు చెందిందని మాత్రం చూశారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో తెల్లటి బటన్ రకానికీ, సంతలో దొరికే చిప్ప రకానికీ అదే పేరు వాడుతున్నాం. అవి షెడ్డుల్లో, గడ్డి మీద, కంపోస్టు మీద పండేవి. పుట్ట మీది అసలు రకాన్ని అలా వ్యాపారానికి పండించడం ఇంతవరకు ఎవరికీ కుదరలేదు. కింద చెదలు ఉంటేనే అది గొడుగు ఎత్తుతుంది.